చెప్పిరా, పెట్టకు

పర్లాకిమిడిలో పెళ్ళి కుదిరిందంటే
ముందు నా కాళ్ళకే తెలిసేది.
పదకొండేళ్ళ పిల్లని.
భరిణె నా చేతిలో, గంధం గిన్నె పైడమ్మ చేతిలో,
రెండు పూటల్లో నూట నలభై గడపలు.

ఒరియా వాళ్ళింటికి పసుపు పూసిన పోకచెక్క.
వాళ్ళు గువా అంటారు.
పుచ్చుకుని కొంగున ముడేస్తే వస్తున్నామని.
కుంతలా మౌసి మాత్రం
వంటకి ఎవర్ని పెట్టారో కనుక్కుని
అప్పుడు బిగించేది ముడి.

తాళం వేసిన ఇంటికి తలుపుకే బొట్టు.
పెళ్ళినాడు ఆ తలుపు వచ్చి ఎక్కడ కూచుందోనని
బంతులన్నీ వెతికేదాన్ని.

గుణుపురం చుట్టాలకి కార్డులు.
నాలుగు మూలలా పసుపు,
ఓ పక్క తెలుగు, ఓ పక్క ఒరియా,
రెండింట్లోనూ పెళ్ళికొడుకు పేరు తప్పే.
దానికి జవాబు చిన్న రైల్లో దిగేది:
ఉత్తరం కాదు, మనిషే,
కళ్ళలో బొగ్గునుసి, వెనక ఏడుగురు పిల్లలు,
వారం ఉండేటట్టు.

రాలేని వాళ్ళది టెలిగ్రాం.
పోస్టాఫీసు అచ్చేసి పెట్టుకున్న దీవెనల్లో ఎనిమిదోది.
పెదనాన్న పందిట్లో విప్పి చదివి
"అయితే ఎనిమిదో నంబరు తమ్ముడు రాడన్నమాట" అని
కాగితం మడిచి బీడీలా చెవిమీద పెట్టుకున్నాడు.

ఒక్క ఇంటికి మాత్రం
అమ్మ గుమ్మంలో నన్నాపి చెప్పేది:
గున్నమ్మత్తకి చెప్పిరా, పెట్టకు.

ఎందుకని అడగలేదు.
భరిణె మూత గట్టిగా నొక్కిపట్టి
వీధిలోంచే అరిచేదాన్ని,
"అత్తా, బుధవారం రాత్రి పదింటికి!"
ఆవిడ చేటలో చింతపిక్కలు తీస్తూ
తలెత్తకుండా "మంచిదమ్మా" అనేది.
ఆ మాటలో వస్తానని లేదు,
రానని కూడా లేదు.
మంగళవారం పొద్దువాలేసరికి
పిక్క తీసిన చింతపండు రెండు వీశెలు
మా వంటపాకలోకి నడిచొచ్చేది.
ఆవిడ వచ్చేది కాదు.
పులుసు బావుందనేవారు అందరూ.

మొన్న ఆదివారం
మా మరిది మనవరాలి పెళ్ళిపిలుపు
ఫోన్లో వచ్చింది.
సన్నాయి మోగింది, తెరలు జరిగాయి,
వెండి భరిణెలోంచి కుంకుమ పైకి లేచి
నల్లటి అద్దం నడిమధ్య ఆగింది.
ఆ నలుపులో నా మొహం కనపడుతోంది.
బొట్టు సరిగ్గా నొసటి మీదే.

ఆయన పోయి నాలుగేళ్ళు.
ఫోనుకి ఎవరూ చెప్పినట్టు లేదు
చెప్పిరా, పెట్టకు అని.

కింద మూడు గళ్ళు.
వస్తాం. రాలేం. చూస్తాం.
దాని కింద: ఎంతమంది?
ఇన్ని పెళ్ళిళ్ళు చూశాను గానీ
నన్నెవరూ లెక్క అడగలేదు ఇంతకుముందు.
ఒకటి నొక్కబోయి రెండు నొక్కాను.
వేలు జారిందో, లేదో,
ఇప్పుడెందుకులెండి.

మర్నాడు బరంపురం నుంచి ఎవరో కుర్రాడు,
పెళ్ళి కాంట్రాక్టు వాళ్ళదిట.
"ఆంటీ, ఇద్దరన్నారు. రెండోవారి పేరు?
కుర్చీకి అంటించాలి."
రేపు చెప్తాలే బాబూ అన్నాను.

గున్నమ్మత్త పోయి ముప్పయ్యేళ్ళు.
ఆ ఇంట్లో ఇప్పుడు కోడలు నీలాచలమ్మ,
మొగుడు పోయాక ఒక్కర్తీ.
ఆమెది బొమ్మలు రాని బటన్ల ఫోను.

బీరువా అడుగున దొరికింది పాత భరిణె.
చిలుము పట్టి మూత బిగుసుకుంది.
తలుపు సందులో పెట్టి తిప్పితే
గోటికి అంటేంత కుంకుమ.

నన్ను చూసి టీవీ గొంతు తగ్గించింది.
చేతిలో భరిణె చూసి
అలవాటుగా తలుపు వెనక్కి జరిగింది.
"అక్కణ్ణించే చెప్పీ అక్కా" అంది.

కదలకు అన్నాను.
నా చెయ్యి వణికింది.
బొట్టు కాస్త ఎడమకి పడింది.

చూసుకుందామంటే అద్దం ఎక్కడ పెట్టిందో గుర్తులేదు.
ఆరిపోయిన నా ఫోను ఆమె ముందు పట్టుకున్నాను.
చాలాసేపు చూసుకుంది.
తర్వాత, ఎటో చూస్తూ, అడిగింది:
"వంటకి ఎవర్ని పెట్టారు?"